ఆటపడవకు విద్యుచ్ఛక్తి

చెరువుగట్టున నిలిచిన మనుష్యుడు చేతిలోని పెట్టెపై నున్న మీటను కొంచెము కదల్చినంతనే, నూరు గజముల దూరమున నీటిపై పోవుచున్న చిన్న పడవ కుడికో ఎడమకో మరలుట చూచువారికి ఇంద్రజాలము వలె తోచును. పడవకును మనుష్యునకును నడుమ త్రాడు లేదు, తీగ లేదు. రేడియో తరంగములే అతని ఆజ్ఞను పడవకు చేరవేయుచున్నవి. ఇట్టి పడవను మొట్టమొదట లోకమునకు చూపినవాడు నికోలా టెస్లా అను శాస్త్రజ్ఞుడు. 1898వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు నగరమున, మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అను భవనములో జరిగిన విద్యుత్ప్రదర్శనమునందు ఆయన ఒక నీటితొట్టిలో ఇనుప పడవను విడిచి, దానిని తాకకయే నడిపెను. ఆ సంవత్సరము నవంబరు 8వ తేదీన ఆయన కల్పనకు 613,809 అను సంఖ్యగల పేటెంటు లభించెను. ఆ పడవను నడిపినవి బ్యాటరీయు విద్యుత్ మోటారును. అనగా రేడియో పడవలలో మొదటిది విద్యుత్ పడవయే.

ఐనను తరువాతి కాలమున వేగముగా పోవు ఆటపడవలలో విద్యుత్తు వెనుకబడెను. చమురు ఇంజనులు ముందునకు వచ్చెను. అర్ధశతాబ్దమునకు పైగా పందెపు పడవలలో వానిదే పైచేయిగా నుండెను. ఇప్పుడు కాలచక్రము మరల తిరిగినది. ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములలో ఈ క్రీడయందు ఆసక్తిగలవారు పలువురు తమ పాత నైట్రో పడవలనుండి ఇంజనును తీసివేసి, విద్యుత్ మోటారును అమర్చుకొనుచున్నారు. ఈ మార్పు ఎందులకు అవసరమైనదో, దానిని ఎట్లు చేయుదురో తెలిసికొనినచో యంత్రశాస్త్రములోని ముఖ్యసూత్రములు కొన్ని సులభముగా బోధపడును.

మొదట పాత ఇంజను సంగతి తెలిసికొనవలెను. ఆటపడవలలో వాడు చిన్న ఇంజనును గ్లో ఇంజను అందురు. మోటారు సైకిలు ఇంజనులో వలె దీనిలో మాటిమాటికి విద్యుత్ నిప్పురవ్వ పుట్టదు. సిలిండరు తలపై నున్న గ్లో ప్లగ్గులో ప్లాటినము చేరిన సన్నని తీగచుట్ట యొకటి ఉండును. ఇంజనును మొదలుపెట్టునప్పుడు ఒకటిన్నర వోల్టుల ఘటముతో ఆ తీగను ఎఱ్ఱగా కాల్చుదురు. ఇంజను తిరుగ నారంభించిన పిమ్మట ఆ ఘటమును తీసివేసినను తీగ చల్లారదు. దహనమువలన కలుగు వేడియు, ప్లాటినమును తాకిన మిథనాలు ఆవిరిలో జరుగు రసాయనచర్యయు తీగను ఎఱ్ఱగనే ఉంచును. ఇట్టి ప్లగ్గును 1947లో రే ఆర్డెన్ అను అమెరికావాసి ఆటబొమ్మల ఇంజనులకై ప్రచారములోనికి తెచ్చెను. అంతకు ముందు పడవలోను, విమానపు బొమ్మలోను మోయవలసివచ్చిన నిప్పురవ్వ పరికరముల బరువు దీనితో తప్పిపోయెను.

ఈ ఇంజనుకు ఆహారము మూడు ద్రవముల మిశ్రమము. మొదటిది మిథనాలు. రెండవది నైట్రోమీథేను. దీని అణువులోనే ఆక్సిజను ఉండుటచే, అదే పరిమాణము గల గాలితో ఎక్కువ ఇంధనమును మండించి ఎక్కువ బలమును పొందవచ్చును. నైట్రో ఇంజను అను పేరు దీనివలననే వచ్చినది. మూడవది కందెన చమురు. చిరకాలముగా ఈ పనికి వాడబడినది మన తెలుగువారికి బాగుగా తెలిసిన ఆముదమే. మహబూబునగరము, నల్లగొండ జిల్లాల మెట్టపొలములలో రైతులు పండించు ఆముదపు గింజలనుండి వచ్చునది ఈ నూనెయే. మిథనాలులో అనేక నూనెలు కలియవు, ఆముదము కలియును. మిక్కిలి వేడిలోను అది లోహముపై పలుచని పొరగా నిలిచి పిస్టనును కాపాడును. ఇప్పుడు కృత్రిమమైన కందెనలను కూడ దానితో కలిపియో, దానికి బదులుగనో వాడుచున్నారు.

నైట్రో ఇంజను బలము మెచ్చదగినదే. పిడికిట పట్టు ఇంజను నిమిషమునకు 20 వేలకు పైగా చుట్లు తిరుగును. కాని దానితో కష్టములును ఉన్నవి. దాని శబ్దము చెవులు చిల్లులు పడునట్లుండును. ఆ కారణముచే అనేక నగరములలో ఉద్యానవనపు కొలనులలో ఇట్టి పడవలను నడపనీయరు. గాలిలోని వేడి, తేమ మారినప్పుడెల్ల కార్బురేటరు సూదిని సవరింపవలెను. ఇంజను నడిచెరువులో ఆగిపోయినచో పడవ అక్కడనే నిలిచిపోవును. ఇంధనము ఖరీదైనది, సులభముగా నిప్పంటుకొనునది. అందులోని మిథనాలు ఘోరమైన విషము. అది కొంచెము కడుపులోనికి పోయినను చూపు పోవచ్చును, ప్రాణమును పోవచ్చును.

ఇన్ని చిక్కులున్నను చమురు ఇంజను ఇంతకాలము నిలిచియుండుటకు కారణము బ్యాటరీల దౌర్బల్యము. సీసపు బ్యాటరీ చాల బరువు. నికెల్-కాడ్మియము బ్యాటరీ దానికంటె మేలైనను, వేగపు పడవకు కావలసినంత శక్తిని తక్కువ బరువులో దాచలేకపోయెను. రెండు ఆవిష్కరణములు ఈ స్థితిని మార్చినవి. 1980 తరువాతి దశాబ్దమున నియోడిమియము, ఇనుము, బోరాను కలిసిన మిక్కిలి బలమైన అయస్కాంతములు వెలువడెను. వానితో చిన్న మోటారు నుండియే గొప్ప బలమును రాబట్టుట సాధ్యమయ్యెను. 1991లో జపానుదేశపు సోనీ సంస్థ లిథియం-అయాన్ బ్యాటరీని విపణికి తెచ్చెను. దానికి పునాదులు వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఆ కుటుంబమునకు చెందిన లిథియం-పాలిమర్ బ్యాటరీయే నేటి ఆటపడవలకు ప్రాణము.

ఇప్పుడు మార్పు విషయమునకు రావచ్చును. ఒక ఇంజనును తీసి వేరొక మోటారును బిగించినంత మాత్రమున పని ముగియునని పలువురు తలంతురు. అది సరికాదు. పడవలో ప్రతి భాగమును ఇంజనును మనస్సులో ఉంచుకొని నిర్మించినదే. ఇంజను స్థానము, ఇంధనపు తొట్టి, గాలి వచ్చు రంధ్రము, పొగ పోవు గొట్టము, బరువుల పంపకము, ఇవన్నియు ఒకదానితో నొకటి ముడిపడియున్నవి. ఒకదానిని మార్చినచో తక్కినవానిని మరల లెక్కించి చూచుకొనవలెను. లెక్క తప్పినచో పడవ మునుగవచ్చును, బ్యాటరీ అంటుకొనవచ్చును, నడపువాని వ్రేళ్లకును అపాయము కలుగవచ్చును.

ఒక ఉదాహరణము తీసికొందము. పడవ పొడవు 75 సెంటీమీటర్లు. అడుగుభాగము మధ్య పదునుగా దిగి, ప్రక్కలకు ఏటవాలుగా లేచియుండును. తొట్టి ఫైబరుగ్లాసుతో చేసినది. ఇంజను పరిమాణము 3.5 ఘనసెంటీమీటర్లు. దీనిలో తీసివేయవలసినవి ఇంజను, ఇంధనపు తొట్టి, పొగగొట్టము, కార్బురేటరును కదల్చు సర్వో అను చిన్న మోటారు. ఉంచుకొనవలసినవి పడవ తొట్టి, చుక్కాని, దానిని త్రిప్పు సర్వో, ప్రొపెల్లరు ఇరుసు, ఆ ఇరుసు పోవు ఇత్తడి గొట్టము, చల్లని నీటిని లోనికి తీసికొను చిన్న గొట్టము, రేడియో రిసీవరు.

తీసివేసిన తరువాత చేయవలసిన మొదటి పని శుభ్రపరచుట. ఏండ్లతరబడి చిందిన కందెన చమురు తొట్టి లోపలి గోడలకు పట్టుకొనియుండును. జిడ్డుపై ఏ జిగురును అంటదు. సబ్బునీటితోను, పిమ్మట స్పిరిటుతోను తుడిచి, గరుకుకాగితముతో రుద్ది, ఆరనిచ్చిన పిమ్మటనే క్రొత్త భాగములను ఎపాక్సీ జిగురుతో అతికింపవలెను. ఇంజనుకు ఊపిరి కావలెను గనుక నైట్రో పడవ మూతకు రంధ్రములుండును. విద్యుత్ మోటారుకు దహనము లేదు. గాలితో పని లేదు. కనుక ఆ రంధ్రములను, పొగగొట్టపు రంధ్రమును మూసివేసి, పడవను నీరు చొరకుండునట్లు చేయవచ్చును. మిగిలిన ఇంధనమును కాలువలోనో చెరువులోనో పారబోయరాదు. బిగుతైన మూతగల డబ్బాలో పెద్దల అధీనమున ఉంచవలెను.

రెండవ పని మోటారును ఎన్నుకొనుట. ఈ పనికి తగినది బ్రష్షులు లేని మోటారు. పాతరకపు మోటారులో బొగ్గు బ్రష్షులు తిరుగుచున్న భాగమునకు రాచుకొనుచు విద్యుత్తును అందించును. అవి అరుగును, వేడెక్కును. క్రొత్త మోటారులో తీగచుట్టలు కదలక నిలిచియుండును. అయస్కాంతము మాత్రమే తిరుగును. ఏ చుట్టకు ఎప్పుడు విద్యుత్తు పంపవలెనో వేగనియంత్రకము అను పరికరము నిర్ణయించును. ఇట్టి మోటారుపై ఒక సంఖ్య వ్రాయబడియుండును. వోల్టు ఒక్కింటికి మోటారు నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగునో ఆ సంఖ్య తెలుపును. ఉదాహరణమునకు ఆ సంఖ్య 1,800 అనుకొందము. లిథియం ఘటము ఒక్కొక్కటి సగటున 3.7 వోల్టులు. నాలుగు ఘటములను వరుసగా కలిపినచో 14.8 వోల్టులగును. 1,800ను 14.8తో గుణించిన 26,640 వచ్చును. బరువు లేనప్పుడు మోటారు నిమిషమునకు తిరుగు చుట్లు ఇవియే. నీటిలో ప్రొపెల్లరు భారము పడినప్పుడు ఇవి తగ్గును. తగ్గినను, పాత ఇంజను వేగమునకు ఇది సమీపముగా నుండుటచే పాత పడవకు సరిపోవును.

మూడవది బలపు లెక్క. వోల్టులను ఆంపియర్లతో గుణించినచో వాట్టులు వచ్చును. మోటారు 70 ఆంపియర్ల ప్రవాహమును లాగినచో 14.8ని 70తో గుణింపగా 1,036 వాట్టులగును. 746 వాట్టులు ఒక అశ్వశక్తి. కనుక ఈ చిన్న పడవ బ్యాటరీనుండి తీసికొనునది అశ్వశక్తికి మించిన బలము! 70 ఆంపియర్లు పోవునని లెక్క తేలినప్పుడు వేగనియంత్రకమును అంతకు మించినదానిని, అనగా 100 లేక 120 ఆంపియర్లను సహించుదానిని తీసికొందురు. త్రాడు తెగునంత బరువును ఏ తెలివిగలవాడును వ్రేలాడదీయడు గదా!

నాలుగవది కాలపు లెక్క. బ్యాటరీ 5,000 మిల్లీ ఆంపియర్-గంటలది. అనగా 5 ఆంపియర్ల ప్రవాహమును ఒక గంటసేపు ఈయగలది. పడవ మలుపులు తిరుగుచు, ఒకప్పుడు వేగముగను ఒకప్పుడు మెల్లగను పోవునప్పుడు సగటున 40 ఆంపియర్లు వాడుననుకొందము. 5ను 40తో భాగించినచో గంటలో ఎనిమిదవ వంతు, అనగా ఏడున్నర నిమిషములు వచ్చును. కాని లిథియం బ్యాటరీని పూర్తిగా పిండరాదు. నూటికి 80 పాళ్లు వాడి ఆపవలెను. అప్పుడు మిగులునది ఆరు నిమిషములు. వేగనియంత్రకము లోపల రక్షణయంత్రాంగమున్నను, నడపువాడు గడియారము చూచుకొనుట మంచిది.

ఇక్కడ ఒక చిత్రమైన విషయము కలదు. ఒక కిలోగ్రాము మిథనాలు మండినచో సుమారు 2 కోట్ల జౌళ్ల శక్తి వెలువడును. ఒక కిలోగ్రాము ఇట్టి బ్యాటరీలో ఉండునది సుమారు 5 లక్షల జౌళ్లు మాత్రమే. అనగా ఇంధనము నలువది రెట్లు ధనికురాలు. కాని చిన్న ఇంజను దుబారా చేయునది. వచ్చిన దానిలో అధికభాగమును వేడిగను, మండక పోవు ఇంధనముగను, శబ్దముగను పోగొట్టుకొనును. మంచి విద్యుత్ మోటారు తాను పుచ్చుకొనినదానిలో నూటికి 80 పాళ్లకు పైగా పనిగా మార్చును. తక్కువ ఆదాయముతో పొదుపుగా బ్రదుకు గృహస్థు వంటిది విద్యుత్ పడవ.

ఐదవ పని మోటారును నిలుపుట. మోటారు ఇరుసును, పడవ ఇరుసును ఒకే వరుసలో నుండవలెను. వెండ్రుకవాసి తేడా ఉన్నను, నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగునప్పుడు అదురు పుట్టి అన్నిటిని సడలించును. ఇట్టి పడవలలో ఇరుసు పలు ఉక్కుతీగలను పురిపెట్టి చేసిన త్రాడు వంటిది, కొంచెము వంగగలదు. పురి బిగియు దిశలోనే దానిని త్రిప్పవలెను. వ్యతిరేకదిశలో త్రిప్పినచో పురి విడిపోయి ఇరుసు తెగును. మోటారు తప్పుదిశలో తిరుగుచున్నట్లు కనబడినచో దిగులు పడనక్కరలేదు. మోటారుకు పోవు మూడు తీగలలో ఏ రెండింటినైనను తారుమారు చేసినచో అది దిశ మార్చుకొనును. ఇంకొక సూక్ష్మము కూడ కలదు. భారము పడినప్పుడు పురి బిగిసి ఇరుసు పొడవు కొంచెము తగ్గును. అందువలన ప్రొపెల్లరుకును దాని ముందున్న ఆధారమునకును నడుమ కొన్ని మిల్లీమీటర్ల ఎడము వదలవలెను. వదలనిచో ఇరుసు ఆధారమును ఒరసికొని తినివేయును.

ఆరవది, అన్నిటికంటె ముఖ్యమైనది, బరువుల పొందిక. వేగముగా పోవు పడవ నీటిని చీల్చుకొని పోదు. నీటిపైకి లేచి జారుకొనుచు పోవును. అప్పుడు దాని గురుత్వకేంద్రము ఎక్కడ నున్నదను దానిపైననే మంచిచెడ్డలు ఆధారపడియుండును. ఇట్టి పడవలకు అది వెనుక పలకనుండి పొడవులో సుమారు నూటికి 30 పాళ్ల దూరమున ఉండుట మంచిదని అనుభవజ్ఞుల మాట. 75 సెంటీమీటర్ల పడవకు ఇది ఇరువదిరెండున్నర సెంటీమీటర్లగును. గురుత్వకేంద్రము మరీ వెనుకకు పోయినచో పడవ ముక్కు గాలిలోనికి లేచి గుఱ్ఱము వలె ఎగురును. మరీ ముందునకు పోయినచో ముక్కు నీటిలో దిగబడి వేగము చచ్చును. ఇంధనము మండుకొలది నైట్రో పడవ తేలికయగును. బ్యాటరీ బరువు, సుమారు అర కిలోగ్రాము, మొదటినుండి తుదివరకు మారదు. కనుక బ్యాటరీని వెంటనే అతికింపక, ముందునకును వెనుకకును జరుపుటకు వీలగునట్లు పట్టీలతో కట్టుదురు. పడవను రెండు వ్రేళ్లపై నిలిపి, త్రాసుముల్లు వలె సమముగా నిలుచువరకు బ్యాటరీని జరుపుదురు.

ఏడవది చల్లదనము. మోటారును, వేగనియంత్రకమును పని చేయుచు వేడెక్కును. మూసిన తొట్టిలో ఆ వేడి పోవుటకు దారి లేదు. పాత ఇంజనును చల్లార్చుటకు చెరువునీటిని తెచ్చిన గొట్టమునే ఇప్పుడు వీనికి మరల్చుదురు. పడవ పోవు వేగముచేతనే నీరు గొట్టములోనికి ఎక్కి, రెండింటిని చుట్టివచ్చి, ప్రక్కనున్న రంధ్రమునుండి సన్నని ధారగా బయటికి దూకును. ఆ ధార కనబడుచున్నంతవరకు నీరు లోపల తిరుగుచున్నదని తెలిసికొనవచ్చును. ధార ఆగినచో గొట్టములో నాచు అడ్డుపడినదన్నమాట. వెంటనే పడవను ఒడ్డునకు తేవలెను.

ఎనిమిదవది తేలుట. నైట్రో పడవ బోల్తాపడినప్పుడు, సగము ఖాళీయైన ఇంధనపు తొట్టి గాలిబుడ్డి వలె దానిని కొంత తేల్చుచుండెను. బ్యాటరీకి ఆ గుణము లేదు; రాయి వలె మునుగును. అందుచే పడవ ముక్కులోను, ప్రక్కలలోను నీరు పీల్చని తేలిక నురుగుదిమ్మెలను కూర్చవలెను. పడవ తలక్రిందులై నీరు నిండినను తేలుచున్నదా లేదా అని ఇంటిలోని నీళ్లతొట్టిలో ముందే పరీక్షింపవలెను. చెరువు మధ్య ఆగిన పడవకొఱకు ఈదుకొని పోవుట ప్రాణాపాయకరము. గాలికి అది ఒడ్డు చేరువరకు వేచియుండుటయో, వేరొక పడవతో తెప్పించుటయో ఉత్తమము. బొమ్మ పోయినను మరల చేసికొనవచ్చును.

తీగల విషయములో ఒక నియమము కలదు. బ్యాటరీనుండి వేగనియంత్రకమునకు పోవు తీగలు వీలైనంత పొట్టిగా నుండవలెను. అవి పొడవైనచో ప్రవాహము క్షణక్షణము ఆగుచు సాగుచు ఉన్నప్పుడు వోల్టులు ఎగిరిపడి, నియంత్రకములోని కెపాసిటర్లను చెఱుచును. రేడియో రిసీవరును నీటి మట్టమునకు పైన, పొడిగానున్న డబ్బాలో ఉంచి, దాని ఏంటెన్నాను నిలువుగా పైకి నిలుపవలెను. నీరు రేడియో తరంగములను మ్రింగివేయును. ట్రాన్స్‌మిటరు నుండి సంకేతము తెగిపోయినచో మోటారు తనంతట తానే ఆగునట్లు ముందుగనే అమర్చుట తప్పనిసరి.

ఇక బ్యాటరీని గూర్చిన జాగ్రత్తలు. లిథియం-పాలిమర్ ఘటము నిండినప్పుడు 4.2 వోల్టులుండును, దానిని దాటింపరాదు. 3 వోల్టులకు దిగువకు దింపనూ రాదు. కొన్ని దినములు వాడకుండ ఉంచునప్పుడు ఘటము సుమారు 3.8 వోల్టుల వద్ద నుండుట మేలు. నాలుగు ఘటములును సమముగా నిండునట్లు చూచు చార్జరునే వాడవలెను. చార్జి జరుగుచుండగా ఎవరును లేని గదిలో దానిని వదలి పోరాదు. ఉబ్బిన బ్యాటరీని, దెబ్బతిన్న బ్యాటరీని మరల వాడరాదు. సూది గ్రుచ్చుకొనినను అది భగ్గున మండవచ్చును. బాలురు ఈ పనిని పెద్దల సమక్షముననే చేయవలెను.

నైట్రో పడవకు అలవాటుపడినవారు మరువరాని భేదము మరియొకటి ఉన్నది. ఆగిపోయిన ఇంజను తనంతట తాను తిరుగదు. దానిని ఎవరైనను త్రిప్పవలెను. విద్యుత్ మోటారు అట్టిది కాదు. బ్యాటరీ తగిలించిన క్షణమునుండి అది నిశ్శబ్దముగా సిద్ధమై యుండును. పొరపాటున మీట కదలినచో కత్తి వలె పదునైన ప్రొపెల్లరు కనుఱెప్పపాటులో తిరుగును. అందువలన ముందు ట్రాన్స్‌మిటరును పనిచేయించి, తరువాతనే బ్యాటరీని తగిలింపవలెను. విప్పునప్పుడు ముందు బ్యాటరీని విప్పి, పిమ్మట ట్రాన్స్‌మిటరును ఆపవలెను. మేజాపై పరీక్షించునప్పుడు ప్రొపెల్లరును తీసియుంచుట మంచిది. శబ్దము చేయు యంత్రము తానే హెచ్చరించును. నిశ్శబ్దయంత్రము విషయమున మనుష్యుడే మెలకువగా నుండవలెను.

పడవను మొదటిసారి నీటిలో విడుచునప్పుడు తొందర పనికిరాదు. మొదట చిన్న ప్రొపెల్లరును అమర్చుదురు. ప్రొపెల్లరు చుట్లు రెట్టింపైనచో దానికి కావలసిన బలము రెట్టింపు కాదు. సుమారు ఎనిమిది రెట్లగును. పరిమాణము పెరిగినను భారము అట్లే దుముకును. కనుక ముప్పది సెకనులు నడిపి, ఒడ్డునకు తెచ్చి, బ్యాటరీని విప్పి, మోటారును, నియంత్రకమును, తీగల కీళ్లను ఉష్ణమాపకముతో చూతురు. మోటారు వేడి 60 డిగ్రీలు దాటకున్నచో ఇంకొక నిమిషము నడుపుదురు. అప్పుడును చల్లగా నున్నచో కొంచెము పెద్ద ప్రొపెల్లరును ప్రయత్నింతురు. వేడి ఎక్కువైనచో చిన్నదానికి మరలుదురు. ఇట్లు మెట్టుమెట్టుగా పోవువాని మోటారు మన్నును. ఒక్కసారిగా వేగము కోరువాని మోటారు తొలినాడే మాడును.

పని ముగిసిన పిమ్మట లాభనష్టములను సరిచూచినచో, ఈ మార్పులో పోవునదియు కొంత ఉన్నదని ఒప్పుకొనవలెను. ఆరు నిమిషముల తరువాత నైట్రో పడవకు ఇంధనము పోసి వెంటనే మరల నడపవచ్చును. విద్యుత్ పడవకు రెండవ బ్యాటరీయైనను ఉండవలెను, గంటసేపైనను వేచియుండవలెను. ఇంజను గర్జనను, కాలిన ఆముదపు వాసనను ప్రేమించువారికి నిశ్శబ్దపు పడవ వెలితిగా తోచును. అట్టివారు పాత ఇంజనును శుభ్రపరచి, నూనె పూసి, జ్ఞాపకముగా దాచుకొందురు. కాని శబ్దముచే కొలనునుండి వెలియైన పడవ మరల నీటిని చేరుట చిన్న లాభము కాదు. మూలపడి దుమ్ము పట్టవలసిన తొట్టి, చుక్కాని, ఇరుసు తిరిగి పనికి వచ్చుట మరియొక లాభము. పాతదానిని పారవేసి క్రొత్తది కొనుటకంటె, పాతదానిలో మంచిని నిలుపుకొని లోపమును మార్చుకొనుటయందే బుద్ధికి ఎక్కువ పని కలదు.

పెద్ద పడవలును నేడు ఇదే దారిని పట్టుచున్నవి. 1838లోనే మోరిట్జ్ జాకోబీ అను శాస్త్రజ్ఞుడు రష్యాదేశమున నేవా నదిపై మనుష్యులను ఎక్కించుకొని విద్యుత్ పడవను నడిపెను. బ్యాటరీల బలహీనతచే ఆ ప్రయత్నము ఆనాడు వ్యాపింపలేదు. మన దేశమున 2017 జనవరిలో కేరళరాష్ట్రపు వేంబనాడు సరస్సుపై, వైకోమునకును తవణక్కడవునకును నడుమ, 75 మంది కూర్చుండగల ‘ఆదిత్య’ అను పడవ సూర్యరశ్మితో నిండు బ్యాటరీల సాయమున రాకపోకలు ఆరంభించెను. 2023 ఏప్రిలులో కొచ్చి నగరమున జలమెట్రో పడవలు బ్యాటరీల బలముతో ప్రజలను చేరవేయ మొదలిడెను. ఆ పడవలను నిర్మించిన ఇంజనీర్లకును బరువెక్కడ నుంచవలెను, వేడి ఎట్లు పోవును, బ్యాటరీ ఎంతసేపు నిలుచును, నీరు చొరకుండుట ఎట్లు అను ప్రశ్నలే ఎదురైనవి. ఆటపడవను ఓపికతో మార్చిన బాలుడు ఆ ప్రశ్నలను చిన్న కొలతలో ముందే ఎదుర్కొనును. చెరువుగట్టున అతడు నేర్చిన లెక్క రేపు నదిపైనను సరిపోవును.